పిల్లల మోటారు సైకిలు
పిల్లల మోటారు సైకిలు అనగా చిన్న పిల్లలు నడపడానికి అనువుగా తక్కువ ఎత్తు, తక్కువ బరువు, తక్కువ వేగంతో తయారు చేయబడిన రెండు చక్రాల వాహనం. వీటిలో చాలా వరకు 50 సీసీ లోపు పెట్రోలు ఇంజనుతో గానీ, బ్యాటరీ మోటారుతో గానీ నడుస్తాయి. ఇవి రహదారులకు ఉద్దేశించినవి కావు. మట్టి మైదానాలలోను, ఇందుకై ప్రత్యేకించిన బాటలలోను మాత్రమే వీటిని నడపాలి. అమెరికా, ఆస్ట్రేలియా, ఐరోపా దేశాలలో ఇవి ఎక్కువగా వాడుకలో ఉన్నాయి.

చరిత్ర
జపానుకు చెందిన హోండా కంపెనీ 1961లో టోక్యో ప్రాంతంలోని టామా టెక్ అనే వినోద ఉద్యానవనం కొరకు జెడ్100 అనే చిన్న బండిని తయారు చేసింది. ఈ వరుసలో వచ్చిన బండ్లు "మంకీ" అనే పేరుతో ప్రసిద్ధి చెందాయి. పిల్లల కొరకే రూపొందించిన బండ్లలో 1978లో వచ్చిన సుజుకీ జేఆర్50, 1980 దశకం ఆరంభంలో వచ్చిన యమహా పీడబ్ల్యూ50 ముఖ్యమైనవి. హోండా సీఆర్ఎఫ్50ఎఫ్ 2004లో విడుదలైంది. 2010 తరువాత బ్యాటరీ బండ్ల వాడకం పెరిగింది.

మొదటి బండి ఎంపిక
పిల్లల వయసు ఒక్కటే ఎంపికకు ప్రమాణం కాదు. ఒకే వయసు గల ఇద్దరు పిల్లల ఎత్తు, బలం, మాట వినే స్వభావం వేరువేరుగా ఉంటాయి. కనుక క్రింది విషయాలను పరిశీలించాలి.

నేర్పు: పక్క చక్రాల సాయం లేకుండా మామూలు సైకిలు తొక్కడం, బ్రేకు వేసి ఆపడం ముందుగా వచ్చి ఉండాలి. తూకం నిలుపుకోవడం, యాక్సిలరేటరు తిప్పడం ఒకేసారి నేర్చుకోవడం పిల్లలకు కష్టం.

ఎత్తు: సీటుపై కూర్చున్నప్పుడు రెండు పాదాలూ నేలకు చక్కగా ఆనాలి. సీటు ఎత్తు పీడబ్ల్యూ50లో సుమారు 48 సెం.మీ., సీఆర్ఎఫ్50ఎఫ్‌లో సుమారు 55 సెం.మీ. ఎదిగే పిల్లలకు బట్టలు ఒక సైజు పెద్దవి కొన్నట్లు బండిని కొనరాదు. వదులు చొక్కా వలన హాని లేదు గానీ, కాలు అందని బండి ఆగిన ప్రతిసారీ ఒరిగిపోతుంది.

బరువు: పీడబ్ల్యూ50 సుమారు 40 కిలోలు, సీఆర్ఎఫ్50ఎఫ్ సుమారు 50 కిలోలు ఉంటాయి. ఐదారేళ్ళ పిల్లలు వీటిని తమంతట తాము లేవనెత్తలేరు. 12 అంగుళాల చక్రాలు గల స్టాసిక్ బ్యాటరీ బండి సుమారు 8 కిలోలు మాత్రమే.

గేర్లు, బ్రేకులు: పీడబ్ల్యూ50లో క్లచ్చి, గేర్లు లేవు, రెండు బ్రేకులూ సైకిలుకు వలె చేతి వద్దనే ఉంటాయి. గొలుసుకు బదులు షాఫ్టు ఉండడం వలన వేళ్ళు, బట్టలు గొలుసులో చిక్కుకునే ప్రమాదం లేదు. సీఆర్ఎఫ్50ఎఫ్‌లో మూడు గేర్లు, ఆటోమేటిక్ క్లచ్చి ఉన్నాయి. వెనుక బ్రేకు కాలితో వేయాలి. అందువలన ఇది కొంత అనుభవం వచ్చిన తరువాత అనుకూలం.

వేగ నియంత్రణ: ఈ రెండు బండ్లలోను యాక్సిలరేటరు ఎంతవరకు తిరగాలో ఒక మరతో పెద్దలు నిర్ణయించవచ్చు. ఆపడం బాగా వచ్చిన తరువాతనే దానిని కొద్దికొద్దిగా సడలించాలి.

పరిమాణం, ప్రమాదం
అమెరికాలో 2008 నాటి చట్టం పిల్లల వస్తువులలో సీసం వాడకాన్ని పరిమితం చేసింది. బ్యాటరీ తీగల కొనలు వంటి భాగాలలో సీసం ఉన్నందున 2009 ఫిబ్రవరి నుండి పిల్లల మోటారు సైకిళ్ళ అమ్మకం స్తంభించింది. చిన్న బండ్లు దొరకకపోతే పిల్లలు పెద్దల బండ్లు ఎక్కుతారని, అది మరింత ప్రమాదకరమని ఆందోళన వ్యక్తమైంది. ఆ కారణంగా అదే సంవత్సరం మే నెలలో అమలును తాత్కాలికంగా నిలిపివేశారు. 2011 ఆగస్టులో ఈ వాహనాలకు చట్టపరంగా మినహాయింపు లభించింది.

భద్రత
తలకు సరిగ్గా సరిపోయే హెల్మెట్టు, కళ్ళజోడు, చేతి తొడుగులు, చీలమండ దాటే బూట్లు, మోకాలి, మోచేతి కవచాలు తప్పనిసరి. పెద్దలు ఎల్లప్పుడూ దగ్గర ఉండాలి. అయితే, 16 ఏళ్ళ లోపు వారు ఇటువంటి వాహనాలు అసలు నడపరాదని అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2000లో సూచించింది. సరైన బండి ప్రమాదాన్ని తగ్గిస్తుందే గాని తొలగించదు.

భారతదేశంలో చట్టం
1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం బహిరంగ ప్రదేశాలలో మోటారు వాహనం నడపడానికి 18 ఏళ్ళు నిండాలి. 50 సీసీకి మించని ఇంజను గల మోటారు సైకిలుకు మాత్రం 16 ఏళ్ళు చాలు. 2019 సవరణ ప్రకారం మైనరు వాహనం నడిపి నేరానికి పాల్పడితే సంరక్షకునికి లేదా వాహన యజమానికి 3 సంవత్సరాల వరకు జైలు శిక్ష, 25,000 రూపాయల జరిమానా విధించవచ్చు. ఆ మైనరుకు 25 ఏళ్ళు వచ్చే వరకు లైసెన్సు లభించదు. కనుక చిన్న బండి అయినప్పటికీ పిల్లలను వీధిలోనికి పంపరాదు.