తగ్గని ‘తామర’ క్యాన్సర్ కావచ్చు: మైకోసిస్ ఫంగాయిడిస్ గురించి తెలుసుకోండి

లింఫోమా అనగానే మెడలోనో చంకలోనో గడ్డలు గుర్తొస్తాయి. కానీ చర్మం మీదే మొదలయ్యే అరుదైన లింఫోమా ఒకటుంది. దాని పేరు మైకోసిస్ ఫంగాయిడిస్. పేరులో ఫంగస్ ఉన్నా ఇది ఫంగస్ వల్ల వచ్చేది కాదు. 1806లో ఫ్రెంచ్ డాక్టర్ అలిబెర్ ఒక రోగి ఒంటి మీద పుట్టగొడుగుల్లాంటి గడ్డలు చూశాడు. పేరు అలా వచ్చింది. ఇది టీ కణాలనే తెల్ల రక్తకణాల క్యాన్సర్. ఒకరి నుంచి ఒకరికి అంటదు.

ఎలా ముదురుతుంది?

మొదట పొట్టు రాలే పలచని మచ్చలు వస్తాయి. దురద ఉండొచ్చు. నడుము, పిరుదులు, తొడలు, రొమ్ములు... ఎక్కువగా బట్టలు కప్పే చోట్లే. చామనఛాయ ఒంటివాళ్లలో, ముఖ్యంగా చిన్న వయసులో, ఇవి తెల్లగా కూడా ఉంటాయి. అందుకే తామర, ఎగ్జిమా, బొల్లి, ఒక్కోసారి కుష్ఠు అని కూడా పొరబడతారు.

తర్వాత మచ్చలు మందంగా, గట్టిగా మారొచ్చు. కొందరిలో గడ్డలై పుండ్లు పడతాయి. లింఫు గ్రంథులకు, రక్తానికి, లోపలి అవయవాలకు పాకడం ఆ తర్వాతి సంగతి. అందరికీ అంతదూరం రాదు. చాలామందిలో ఏళ్ల తరబడి మచ్చల దగ్గరే ఆగిపోతుంది.

ప్రాణానికి ప్రమాదమా?

ఇది ఏ దశలో పట్టుకున్నామన్న దాన్ని బట్టి ఉంటుంది. వేళ్లతో సహా మన అరచేయి ఒంటి చర్మంలో సుమారు 1 శాతం. మచ్చలు 10 శాతం లోపే ఉంటే, చాలామంది తమ ఈడువాళ్లలాగే పూర్తి ఆయుష్షు బతుకుతారు. తెల్ల మచ్చల రకం కూడా సాధారణంగా మెల్లగానే నడుస్తుంది. గడ్డలు వచ్చినా, ఒళ్లంతా ఎర్రబడినా, రక్తానికి పాకినా కష్టం. అప్పుడు పుండ్లలో చేరే ఇన్‌ఫెక్షనే పెద్ద శత్రువు.

తొలి దశలో పూత మందులు, ఆస్పత్రిలో ఇచ్చే అల్ట్రావయొలెట్ కాంతి చికిత్స బాగా పనిచేస్తాయి. ముదిరితే రేడియేషన్, ఇతర క్యాన్సర్ మందులు అవసరమవుతాయి. తగ్గినా మళ్లీ రావచ్చు, కాబట్టి చెకప్‌లు మానకూడదు.

మనం చేయాల్సింది

మెడికల్ షాపులో కొన్న స్టెరాయిడ్ క్రీము మచ్చను కొన్నాళ్లు అణిచి, అసలు రోగాన్ని దాచేస్తుంది. నెలల తరబడి తగ్గని మచ్చ ఉంటే చర్మ డాక్టర్‌కి చూపించండి. వాడిన క్రీములన్నీ చెప్పండి. బయాప్సీ ఒక్కసారికే తేలకపోవచ్చు. మళ్లీ చేయాలంటే కంగారు పడొద్దు. అమ్మీ, నానీ లాంటి పెద్దవాళ్లు సిగ్గుతో చెప్పకపోతే లేడీ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. దాచుకున్న మచ్చకు మందు ఉండదు.