పొటోసీ వెండి, బందరు అద్దకం

ఆండీస్ కొండల మీద, సముద్రమట్టానికి సుమారు నాలుగు వేల మీటర్ల ఎత్తున, నేటి బొలీవియాలో పొటోసీ అనే ఊరుంది. 1545లో అక్కడి కొండలో వెండి దొరికింది. ఆ కొండకు స్పెయిన్ వాళ్ళు సిరుల కొండ అని పేరు పెట్టారు. కొద్ది దశాబ్దాల్లోనే ఆ చలిలో, చెట్టూ చేమా పెరగని చోట, లక్షకు పైగా జనంతో మహానగరం లేచింది. రాతి వీధులు, చెక్కడపు చర్చిలు, వెండి నాణేలు ముద్రించిన టంకశాల ఇప్పటికీ నిలబడి ఉన్నాయి. 1987లో యునెస్కో ఆ ఊరిని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఆండీస్ వలస నగరాలు చూడబోయే యాత్రికులు కీటో, కుజ్కోలతో పాటు పొటోసీ పేరు కూడా రాసుకుంటారు. విజయవాడ నుంచి డెబ్భై కిలోమీటర్ల దూరంలో ఉన్న బందరు, అంటే మచిలీపట్నం, పేరు అలా ఏ యాత్రికుడూ రాసుకోడు. మచిలీపట్నం కూడా ఆ కాలపు నగరమేనని, పొటోసీకీ దానికీ డబ్బు సంబంధం ఉండేదని, ఆ ఊరిని ఒక చారిత్రక నగరంగా చూసి రావలసిన బాధ్యత ముందుగా మన డెల్టా వాళ్ళదేనని ఈ వ్యాసం వాదన.

డబ్బు సంబంధమంటే ఏమిటో చూద్దాం. పదిహేడో శతాబ్దంలో ఐరోపా వర్తకులు తూర్పు సముద్రాలకు వచ్చింది మిరియాలు, లవంగాలు, జాజికాయల కోసం. అవి పండే ఇండోనేషియా దీవుల వాళ్ళకు ఐరోపా ఉన్నిబట్టలతో పని లేదు. వాళ్ళు అడిగింది కోరమాండల్ తీరపు నూలుగుడ్డ, అందులోనూ రంగు అద్దిన గుడ్డ. అది కావాలంటే బందరు రావాలి. బందరులోనూ ఐరోపా సరుకుకు గిరాకీ అంతంతమాత్రమే కనుక గుడ్డకు బదులు బంగారమో వెండో ఇవ్వాల్సి వచ్చింది. ఆ రోజుల్లో ప్రపంచానికి వెండి పెట్టిన గనుల్లో పెద్దవి స్పెయిన్ అమెరికాలోనివి. పొటోసీలోనూ మెక్సికోలోనూ ముద్రించిన రియాళ్లు స్పెయిన్ చేరి, అక్కడి నుంచి ఆమ్‌స్టర్‌డామ్, లండన్ వర్తకుల పెట్టెల్లోకి మారి, ఆఫ్రికా కొసను చుట్టి ఈ తీరానికి వచ్చేవి. పర్షియా, జపాన్ల నుంచి కూడా డబ్బు వచ్చిన మాట నిజమే. అయినా ఆండీస్ గనుల్లో బలవంతపు వెట్టికి తోలిన కొండజాతుల మనిషి తవ్వి తీసిన వెండిలో కొంత భాగం కృష్ణా డెల్టా నేతగాడికి బయానాగా ముట్టిందన్నది కట్టుకథ కాదు. ఆనాటి వర్తకం నడిచిన తీరే అది.

ఆ వర్తకానికి బందరు కేంద్రం. అసలు బందరు అంటేనే పారసీకంలో ఓడరేవు. వేరే పేరు అక్కర్లేనంత పెద్ద రేవు కాబట్టి ఆ మాటే ఊరి పేరయింది. ఇంకా వెనక్కి వెళితే, క్రీస్తుశకం తొలి శతాబ్దాల గ్రీకు రచనల్లోనే మసాలియా, మైసోలియా అన్న పేర్లతో ఈ తీరం, దాని సన్నటి నూలుగుడ్డలు కనిపిస్తాయి. గోల్కొండ కుతుబ్ షాహీల కాలానికి రాజ్యానికంతటికీ సముద్ర ద్వారం ఇదే. 1606లో డచ్చివాళ్ళు మహమ్మద్ కులీ కుతుబ్ షా నుంచి అనుమతి పొంది ఇక్కడ వర్తక స్థావరం పెట్టారు. 1611లో ఇంగ్లీషువాళ్ళు వచ్చారు. అప్పటికి చెన్నపట్నంలో వాళ్ళ కోట పుట్టడానికి ఇంకా మూడు దశాబ్దాలు ఉంది. 1669లో ఫ్రెంచివాళ్ళు చేరారు. ఇక్కడ ఒక తేడా గమనించాలి. స్పెయిన్ వాళ్ళు 1533లో కుజ్కోలో అడుగుపెట్టింది ఆండీస్‌ను ఏలిన ఇంకాల రాజ్యాన్ని గెలిచిన ఏలికలుగా. బందరులో ఐరోపావాళ్ళు దాదాపు నూట యాభై ఏళ్ళు సుంకం కట్టి, సుల్తాను కొలువులో కానుకలు పెట్టి, దుబాసీల మాట మీద ఆధారపడి బతికిన వర్తకులు. ఇంగ్లీషువాళ్ళు 1630లలో అబ్దుల్లా కుతుబ్ షా ఇచ్చిన బంగారు ఫర్మానాను మహాప్రసాదంగా అందుకున్నారు. 1686లో డచ్చివాళ్ళు ఊరిని కొంతకాలం ఆక్రమించడం లాంటి ఘటనలు లేకపోలేదు. ఊరి మీద అధికారం మాత్రం ఆ కాలంలో చాలావరకు గోల్కొండదీ, తర్వాత మొగలాయీలదీ.

అయితే బందరు వెళ్తే చూడటానికి ఏముంది? ఈ ప్రశ్నను తోసిపుచ్చకూడదు. కుజ్కోలో రాతిగోడలున్నాయి, పొటోసీలో టంకశాల ఉంది, బందరులో కోట పేరిట మిగిలినవి కొన్ని శిథిల కట్టడాలు. కారణం నేలలో ఉంది. డెల్టా అంటే కృష్ణమ్మ వేలయేళ్ళుగా మోసుకొచ్చిన ఒండ్రు. ఇక్కడ తవ్వితే బురద, ఉప్పునీరు వస్తాయి తప్ప రాయి రాదు. పదిహేడో శతాబ్దంలో ఇక్కడికి వచ్చిన ఫ్రెంచి వజ్రాల వ్యాపారి తావెర్నియే ఈ ఊళ్ళో చెక్క ఇళ్ళు చూశాడు, బంగాళాఖాతంలో ఓడలు లంగరు వేయడానికి ఇంత మంచి చోటు లేదనీ రాశాడు. ఊరు చెక్కది, విలువంతా రేవుది. ఆ చెక్క ఊరిని కాలం తినేసింది. మిగిలినదాన్ని 1864 నవంబరు 1 రాత్రి ఉప్పెన తినేసింది. మామూలు పోటు నీటి కంటే 13 అడుగుల ఎత్తున లేచిన సముద్రం కొన్నిచోట్ల 17 మైళ్ళ దాకా లోపలికి వచ్చింది. సుమారు 30 వేల మంది పోయారు. ఒక్క రాత్రిలో ఒక పట్టణం, దాని చుట్టూ ఉన్న పల్లెలు కొట్టుకుపోయిన ఆ ఘటనకు మన పాఠ్యపుస్తకాల్లో ఉన్న చోటు చాలా తక్కువ. 1977 దివిసీమ ఉప్పెనను చూసినవాళ్ళు మన మధ్య ఉన్నారు. అంతకు 113 ఏళ్ళ ముందు అదే సముద్రం, అదే నేల మీదికి వచ్చింది. రేవు కూడా ఒండ్రుకే బలైంది. పూడిక పెరిగి ఓడలు తీరానికి కొన్ని మైళ్ళ దూరంలో ఆగి పడవల మీద సరుకు దింపుకోవాల్సి వచ్చింది. వర్తకం చెన్నపట్నం, కాకినాడ, విశాఖపట్నాలకు తరలిపోయింది.

కాబట్టి బందరును కట్టడాల కోసం చూడబోతే నిరాశే మిగులుతుంది. దాని సాక్ష్యాలు వేరే చోట్ల ఉన్నాయి, మొదటివి పేర్లలో. ఊళ్ళో పరాసుపేట ఉంది, వలందపాలెం ఉంది, ఇంగ్లీషుపాలెం ఉంది. తెలుగువాళ్ళు ఫ్రెంచివాళ్ళను పరాసులన్నారు, హాలెండువాళ్ళను వలందులన్నారు. మూడు జాతుల వర్తకులు పక్కపక్కనే కాపురం పెట్టి, ఒకే నేతగాడి గుడ్డ కోసం పోటీ పడిన చరిత్రంతా ఆటోవాడికి చెప్పే ఆ మూడు మాటల్లో ఉంది. ఫ్రెంచి వర్తక స్థావరపు చిన్న ముక్క చట్టప్రకారం ఫ్రాన్సు చేతిలోనే ఉండి, స్వాతంత్ర్యం వచ్చాక 1947 అక్టోబరులో గానీ మనదేశానికి అప్పగింత కాలేదు. రెండో సాక్ష్యం డచ్చి సమాధుల తోట. పురావస్తు శాఖ రక్షణలో ఉన్న ఆ తోటలో వంశచిహ్నాలు, డచ్చి అక్షరాలు లోతుగా చెక్కిన పెద్ద రాతి పలకలున్నాయి. రాయి దొరకని ఊరికి రాయి తెప్పించి, తమ వాళ్ళ పేర్లు చెరిగిపోకుండా చెక్కించుకున్నారు. ఇళ్ళకు చెక్క చాలనుకున్నవాళ్ళు చావుకు మాత్రం రాయి కావాలనుకున్నారు.

మూడో సాక్ష్యం అన్నిటికంటే గొప్పది, అది ఇంకా బతికే ఉంది. బందరుకు పది కిలోమీటర్ల లోపే ఉన్న పెడనలో కలంకారీ అద్దకం ఈనాటికీ జరుగుతోంది. ఆనాటి మేలిరకాలు కలంతో చేత్తో గీసినవి, ఇప్పటి పని టేకు చెక్కలో చెక్కిన అచ్చులతో. పద్ధతి వెనుక ఉన్న రసాయనం మాత్రం పాతదే. నూలుగుడ్డ రంగును ఊరికే పట్టుకోదు. ముందు దాన్ని కరక్కాయ, పాలు కలిపిన నీళ్ళలో తడిపి ఆరబెడతారు. కరక్కాయలోని వగరు గుడ్డలోకి ఇంకుతుంది. పాత ఇనుమును బెల్లపు నీళ్ళలో రోజుల తరబడి పులియబెట్టిన ద్రావకాన్ని అచ్చుతో అద్దితే, ఆ వగరూ ఇనుమూ కలిసి అక్కడికక్కడే నలుపవుతుంది. ఎరుపు కావలసిన చోట పటిక అద్దుతారు. పటికకు రంగంటూ లేదు. తర్వాత గుడ్డను ఎర్రరంగు వేసిన కాగులో ఉడికిస్తే పటిక పడిన చోట మాత్రమే ఎరుపు గట్టిగా పడుతుంది. ఇప్పుడు ఆ ఎరుపు చాలావరకు అలిజరిన్ నుంచి వస్తోంది. పూర్వం చిరివేరు అనే మొక్క వేళ్ళ నుంచి వచ్చేది. నిజాంపట్నం వైపు ఇసుకనేలల్లో దొరికే చిరివేరుకు సాటి లేదని పేరు, డచ్చివాళ్ళు ఆ ప్రాంతంలోనూ స్థావరం పెట్టడానికి అదొక కారణం. మధ్యమధ్య పారే నీటిలో గుడ్డ ఉతకాలి, నిలవ నీళ్ళయితే అదనపు రంగు పక్కకు పాకి మరక అవుతుంది. ఇలా తయారైన గుడ్డను ఎన్నిసార్లు ఉతికినా రంగు పోకపోవడం ఐరోపాను ఆశ్చర్యపరిచింది. తమ నేతగాళ్ళు దెబ్బతింటున్నారని ఫ్రాన్సు 1686లో, ఇంగ్లండు 1701లోనూ 1721లోనూ మన అద్దకపు గుడ్డల మీద నిషేధాలు పెట్టాయి. పెడన కాలువ ఒడ్డున పుట్టిన పనితనాన్ని ఆపడానికి రెండు రాజ్యాలు చట్టాలు చేశాయి. ఏ కోటకు ఇంతకంటే పెద్ద చరిత్ర ఉంది?

ఇంకో అభ్యంతరం కాస్త బరువైనది. పరాయివాళ్ళ స్థావరాలను, సమాధులను వెతికి చూడటం బానిసతనపు గుర్తులకు దండ వేయడం కాదా? 1759 ఏప్రిల్లో కర్నల్ ఫోర్డ్ ఫ్రెంచివాళ్ళ నుంచి బందరు కోటను పట్టుకున్నాక ఇంగ్లీషువాళ్ళకు ఈ సీమలో ఎదురు లేకపోయింది. 1765లో మొగలాయీ ఫర్మానాతో ఉత్తర సర్కారులు కంపెనీ పాలయ్యాయి. అంతకు ముందు ముగ్గురు కొనుగోలుదార్లలో నచ్చినవాడికి అమ్ముకున్న నేతగాడు ఆ తర్వాత ఒకే కొనుగోలుదారు చెప్పిన ధరకు తలవంచాడు. తర్వాతి శతాబ్దంలో మాంచెస్టరు మరగుడ్డ వచ్చి మగ్గాలను మూయించింది. ఇదంతా నిజం, అందుకే ఆ చోట్లను చూడాలి. కుజ్కోలో ఇంకాల సూర్యదేవాలయం కొరికాంచా గోడల మీదే స్పెయిన్ వాళ్ళు శాంతో దొమింగో మఠం కట్టారు. 1950 భూకంపంలో మఠం గోడలు కూలితే అడుగున ఇంకాల రాళ్ళు చెక్కుచెదరకుండా బయటపడ్డాయి. నేటి పెరూ ప్రజలు ఆ రెండింటినీ కలిపే చూపిస్తారు, ఎవరు కట్టారో ఎవరి మీద కట్టారో రెండూ ఒకే గోడలో తెలుస్తాయి కనుక. బందరులో కూడా కథ 1759తో ఆగదు. దోపిడీని ప్రశ్నించిన కృష్ణాపత్రిక 1902లో పుట్టింది ఈ ఊళ్ళోనే. నేత, చిత్రలేఖనం లాంటి చేతిపనులను చదువులో భాగం చేసిన ఆంధ్ర జాతీయ కళాశాలను 1910లో కోపల్లె హనుమంతరావు స్థాపించింది ఇక్కడే. 1923లో భోగరాజు పట్టాభి సీతారామయ్య ఆంధ్రా బ్యాంకు తెరిచిందీ ఇక్కడే. పరాయి కంపెనీ డబ్బుతో నడిచిన రేవులో తెలుగువాళ్ళు తమ సొంత పత్రిక, సొంత బడి, సొంత బ్యాంకు పెట్టుకున్నారు. కోటను చూడనివాడికి ఈ మూడింటి ధైర్యం సగమే అర్థమవుతుంది.

యాత్రికులు పోటెత్తితే ఊరు పాడవుతుందనే వాదన కూడా ఉంది. కుజ్కో నడిబొడ్డున పాత ఇళ్ళు హోటళ్ళుగా మారిపోయి, అక్కడే పుట్టినవాళ్ళు ఊరి అంచులకు జరిగారు.  బందరుకు ఆ ప్రమాదం చాలా దూరంలో ఉంది. ఇక్కడి కష్టం ఎవరూ రాకపోవడం. పెడనలో అచ్చు చెక్కే చేతులు తగ్గుతున్నాయి, కొద్ది నిమిషాల్లో మర మీద అచ్చయ్యే నకిలీ గుడ్డ కలంకారీ పేరుతోనే అంగళ్ళలో వేలాడుతోంది. 2008లో మచిలీపట్నం కలంకారీకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. కొనేవాడికి తేడా తెలియకపోతే ఆ గుర్తింపు కాగితం మీదే ఉంటుంది. తేడా తెలియాలంటే కాగు దగ్గర నిలబడి ఒక్కసారి చూడాలి. లండన్ విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో పాతకాలపు కోరమాండల్ అద్దకాలను అద్దాల వెనక దాచి చూపిస్తున్నారు. వాటి వారసులు పనిచేస్తున్న చోటికి విజయవాడ నుంచి రెండు గంటల ప్రయాణం కూడా లేదు.

వెళ్ళేవాళ్ళు కంకిపాడు, ఉయ్యూరు, పామర్రుల మీదుగా వెళ్తారు. పామర్రు నుంచి కాస్త పక్కకు తిరిగితే కూచిపూడి. ఆ అగ్రహారాన్ని భాగవతులకు ఇచ్చింది తానీషా అని అక్కడి సంప్రదాయం చెబుతుంది, బందరు రేవు మీద సుంకం తీసుకున్న ఆఖరి గోల్కొండ సుల్తాను కూడా ఆయనే. ముందు పెడనలో ఒక పూట గడపడం మంచిది. గుడ్డ ఎలా తయారవుతుందో చూశాక సమాధుల తోటలోని పేర్లు ఎవరివో, వాళ్ళు ఇంత దూరం వచ్చి ఈ ఉప్పునేలలో ఎందుకు చనిపోయారో తెలుస్తుంది. తర్వాత పరాసుపేట, ఇంగ్లీషుపాలెం వీధులు. అక్కడ ఆ పేరు ఎలా వచ్చిందో చెప్పే నాలుగు వాక్యాల తెలుగు బోర్డు పెట్టడానికి పురపాలక సంఘానికి పెద్ద ఖర్చు కాదు. ఊళ్ళో ఒక గదిలోనైనా పాత అద్దకపు తాను, ఒక రియాలు నాణెం పక్కపక్కన పెట్టి చూపించగలిగితే ఇంకా మంచిది. చివరగా బందరు కోట, ఆ పైన సముద్రం. ఆ తీరంలో కొత్త ఓడరేవు పనులు ఇప్పుడు సాగుతున్నాయి, పాత రేవును మూసేసిన ఒండ్రునే యంత్రాలతో తోడి ఓడలకు దారి లోతు చేస్తున్నారు.