139.7 మిల్లీమీటర్ల చక్రం కథ

రెండడుగుల చదరం, అంగుళం మందం ఉన్న తాడిపత్రి నాపరాయి బండ సుమారు పాతిక కిలోలు తూగుతుంది. నలభై బండలు వేస్తే టన్ను. పాలిష్ ఫ్యాక్టరీల నుంచి ఇలాంటి లోడుతో బయల్దేరే పికప్పుకు చక్రం అలంకారం కాదు. అయినా పాత డిస్కులు తీసేసి కొత్తవి వేయించేటప్పుడు చాలామంది చూసేది రెండే: మెరుపు ఎంత ఉంది, బోల్టు రంధ్రాలు కలిశాయా లేదా. రంధ్రాలు కలవడం మొదటి మెట్టు మాత్రమే. ఆ ఒక్క మెట్టుకే దాదాపు వందేళ్ల చరిత్ర ఉంది.

హబ్బు మీద స్టడ్లన్నీ ఒకే వృత్తం మీద ఉంటాయి. ఆ వృత్తం వ్యాసాన్నే మెకానిక్కులు పీసీడీ అంటారు. 1928 నాటి ఫోర్డ్ మోడల్-ఎ కారుకు ఐదు స్టడ్లు, ఐదున్నర అంగుళాల వృత్తం. 1941లో యుద్ధం కోసం తయారైన విల్లీస్ జీపుకూ అదే కొలత. 1940ల చివర్లో మహీంద్రా వాళ్లు బొంబాయిలో ఆ జీపులను బిగించడం మొదలుపెట్టాక ఆ వృత్తం మన రోడ్ల మీద స్థిరపడింది. 2000లో వచ్చిన బొలెరోకు కూడా అదే దిగింది. ఐదున్నరను 25.4తో గుణిస్తే 139.7 మిల్లీమీటర్లు. ఈ వింత అంకె అమెరికా అంగుళాల వారసత్వమే. జపాన్ కంపెనీలు తమ పికప్పుల్లో అదే వృత్తం మీద ఆరు స్టడ్లు నిలబెట్టాయి. 2016 నుంచి మన శ్రీసిటీలో తయారవుతున్న ఇసుజు డి-మాక్స్‌కూ, టయోటా హైలక్స్‌కూ ఇదే లెక్క.

ఆరు రంధ్రాలుంటే ఎదురెదురు రంధ్రాల మధ్య దూరం కొలిస్తే సరిపోతుంది. ఐదైతే ఎదురుగా రంధ్రం ఉండదు. పక్కపక్క రంధ్రాల మధ్య దూరం తీసి 1.7తో గుణించాలి. బొలెరోకు అది 82 మిల్లీమీటర్లు వస్తుంది. రంధ్రం నడిమధ్య ఎక్కడో కంటికి ఆనదు కాబట్టి ఒక రంధ్రం ఎడమ అంచు నుంచి పక్క రంధ్రం ఎడమ అంచు దాకా టేపు పట్టడం తేలిక.

ఇక రెండో మెట్టు. హైలక్స్ చక్రం డి-మాక్స్ స్టడ్ల మీదికి ఎక్కుతుంది, నట్లు కూడా పడతాయి. కానీ హైలక్స్ చక్రం నడిమి రంధ్రం సుమారు 106 మిల్లీమీటర్లు, డి-మాక్స్ హబ్బు సుమారు 100. చుట్టూ మూడేసి మిల్లీమీటర్ల సందు మిగులుతుంది. బిగించేటప్పుడు చక్రం కాస్త పక్కకు ఒరిగినా స్పీడు పెరిగేకొద్దీ స్టీరింగు వణుకుతుంది. ఆ సందును పూడ్చే రింగులు దొరుకుతాయి, వేయించుకోవాలి.

బరువును స్టడ్లు మోస్తాయని చాలామంది అనుకుంటారు. నిజానికి స్టడ్ల పని చక్రాన్ని హబ్బుకు అదిమి పట్టడం. ఆ రెండు ఇనుప ముఖాల మధ్య పుట్టే ఘర్షణే లోడును మోస్తుంది. తాడిపత్రిలో దీన్ని మరీ పట్టించుకోవాలి. బండలు కోసే చోట లేచే తెల్లటి పొడి తడితో కలిసి హబ్బు మీద పేరుకుని గట్టిపడుతుంది. దాని మీదే చక్రం బిగిస్తే ఆ రోజు నట్లు గట్టిగానే ఉంటాయి. నాలుగు కుదుపులకు పొడి నలిగిపోతే బిగువు సడలుతుంది, అప్పుడు స్టడ్లు నిజంగానే బరువు మోయాల్సి వచ్చి తెగుతాయి. వైరు బ్రష్షుతో రెండు ముఖాలనూ ఇనుము కనిపించేదాకా గీకాలి. నట్లను వరసగా కాకుండా ఎదురెదురుగా బిగించాలి. అనంతపురం ఒకసారి వెళ్లొచ్చాక మళ్లీ పానా పట్టాలి.

అసలు ప్రమాదం ఆఫ్‌సెట్‌లో ఉంది. చక్రం హబ్బుకు ఆనే ముఖం, రిమ్ము వెడల్పు నడిమి గీతకు ఎంత దూరంలో ఉందో చెప్పేదే ఆఫ్‌సెట్. చక్రం మీద ఈటీ అని రాసి పక్కన అంకె వేస్తారు. ఆ అంకె తగ్గేకొద్దీ చక్రం మడ్‌గార్డు దాటి బయటికొస్తుంది. చూడ్డానికి దర్జాగా ఉంటుంది, నిజమే. కానీ 700 కిలోలు మోసే చక్రం 30 మిల్లీమీటర్లు బయటికి జరిగితే బేరింగు మీద 21 కిలోగ్రాం-మీటర్ల వంపుబలం అదనంగా పడుతుంది, అదీ బండి కదలకుండా నిలబడి ఉన్నప్పుడు. గుంతలో పడితే ఇంకెంతో ఎక్కువ. స్పేసర్లు వేసినా జరిగేది ఇదే. క్వారీకి తిరిగే బండికి స్పేసర్లు వద్దని గట్టిగా చెబుతాను. కొత్త చక్రం సరిపోయిందో లేదో ఖాళీ బండి మీద తేలదు. లోడు వేసి, కమాను పట్టీలు అణిగాక, స్టీరింగు రెండు వైపులా చివరిదాకా తిప్పి, టైరు ఎక్కడైనా రాసుకుంటోందేమో చూడాలి.

చక్రం వెనక అది మోయగల గరిష్ఠ బరువు పోతపోసి ఉంటుంది. ఐఎస్ఐ గుర్తూ, ఆ అంకే లేని చక్రం ఎంత చవగ్గా వచ్చినా వదిలేయాలి. జపాన్ గుర్తుల్లో జేడబ్ల్యూఎల్ కార్లకు, జేడబ్ల్యూఎల్-టి ట్రక్కులకు. టైరు మీద లోడ్ ఇండెక్స్ 100 అంటే 800 కిలోలు, 112 అంటే 1,120 కిలోలు. 245/70 ఆర్16 టైరు తీసి 255/60 ఆర్18 వేస్తే బయటి వ్యాసం 749 నుంచి 763 మిల్లీమీటర్లకు పెరుగుతుంది. స్పీడోమీటరులో వచ్చే తేడా రెండు శాతం లోపే. కానీ టైరు పక్కగోడ 171 నుంచి 153కు తగ్గుతుంది. రాళ్ల దారిలో రిమ్మును కాపాడేది ఆ పక్కగోడే. అల్యూమినియం చక్రం దెబ్బకు పగిలే చోట స్టీలు డిస్కు చాలాసార్లు వంగి ఊరుకుంటుంది, వంగినదాన్ని చూసి మార్చుకోవచ్చు. బండలు మోసే బండికి నా ఓటు స్టీలుకే.

కంపెనీ ఇచ్చిన కొలతలకు విరుద్ధంగా వాహనాన్ని మార్చకూడదని సుప్రీంకోర్టు 2019 జనవరిలో తేల్చింది. బీమా క్లెయిము వేళ ఈ మాట ముందుకు రావచ్చు.

స్టెప్నీ సంగతి ఒకటి మిగిలింది. అల్లాయ్ నట్టు ఆనే అంచు కొన్ని బండ్లలో చదునుగా, స్టీలు డిస్కుకు ఏటవాలుగా ఉంటుంది. చదును నట్టుతో స్టీలు స్టెప్నీ బిగిస్తే అది సరిగా కూర్చోదు. పాత నట్లను సంచిలో కట్టి సీటు కింద పెట్టుకోవాలి.