తూటాకు కళ్ళెము

ఎక్కడనో పోలీసులు కాల్పులు జరిపినారనియు, ఒకరో ఇద్దరో మరణించినారనియు వార్తలలో విన్నప్పుడు మన ఇండ్లలో తప్పక పుట్టు ప్రశ్న ఒకటి కలదు: "కాళ్ళమీద కాల్చరాదా?" ప్రశ్న దయతో పుట్టినది. కాని సమాధానము అంత సులభము కాదు. పరుగెత్తు మనిషి కాలు సన్ననిది, ఒకచోట నిలువదు. గురి తప్పిన తూటా వెనుకనున్న వారిని తాకవచ్చును. గురి తప్పకున్నను, తొడలోని పెద్ద రక్తనాళము తెగినచో కొలది నిమిషములలోనే ప్రాణము పోవచ్చును. కనుక గురిని మార్చుటకు బదులు, తుపాకి మూతివద్దనే తూటా స్వభావమును మార్చగలమా యని కొందరు ఇంజనీర్లు యోచించినారు. ఆ ప్రయత్నముల కథ నిక్కడ కొంత చెప్పుకొందము.

1970 మే 4న అమెరికాలోని ఒహాయో రాష్ట్రమున, కెంట్ స్టేట్ విశ్వవిద్యాలయ ఆవరణలో నేషనల్ గార్డు సైనికులు రైఫిళ్ళతో కాల్పులు జరుపగా నలుగురు విద్యార్థులు మరణించినారు. సైనికుల చేత నున్నవి యుద్ధమునకు తయారైన ఆయుధములు. ఎదుట నున్నవారు సొంత దేశపు పిల్లలు. ఆ దశాబ్దములోనే అమెరికా సైన్యము కొరకు ఎం-16 రైఫిలు మూతికి తగిలించు ఉపకరణ మొకటి రూపొందినది. దాని పేరు ఎం-234. తూటా లేక మందు మాత్రమే గల తోటాను పేల్చగా, ఆ వాయువుల ఒత్తిడికి 64 మిల్లీమీటర్ల వెడల్పుగల మెత్తని వలయము, కడియమువలె గిరగిర తిరుగుచు, ముందుకు పోవును. వానిలో ఒక రకము తగిలి నొప్పి కలిగించును; మరియొక రకము తగిలినచోట బాష్పవాయు చూర్ణమును వెదజల్లును. ఇప్పుడు అమెరికా సైన్యము దానిని వాడుటలేదు.

ఇందులో ఒక చిక్కు కలదు. మందు తోటాలను వేరుగా నింపుకొనవలెను. అసలు తూటాలు నింపియున్న తుపాకితో, తృటిలో నిర్ణయము తీసికొనవలసిన పోలీసువాని కది ఉపయోగపడదు. కాలిఫోర్నియాలోని ఆల్టర్నేటివ్ బాలిస్టిక్స్ అను సంస్థ ఈ చిక్కును మరియొక మార్గమున విప్పబూనినది. 2014 ఆగస్టు 9న మిస్సోరి రాష్ట్రములోని ఫెర్గూసన్ పట్టణమున పోలీసు కాల్పులలో నిరాయుధుడైన 18 ఏండ్ల యువకుడు మరణించుటయు, దేశమంతట ఆందోళన చెలరేగుటయు మన కెఱుకయే. 2015 తొలి నెలలలో ఆ పట్టణపు పోలీసుశాఖయే ఈ సంస్థవారి సాధనమును పరీక్షింప బూనుకొన్నది.

దాని నిర్మాణము మిక్కిలి సరళమైనది. కొట్టవచ్చినట్లు కనబడు నారింజరంగు గల చిన్న తొడుగు నొకదానిని పిస్తోలు పైభాగమున తగిలింతురు. ఆ తొడుగు ముందు, సరిగా గొట్టము మూతి కెదురుగా, పింగ్‌పాంగ్ బంతి యంతటి బోలు లోహపు గుండు అమర్చియుండును. మామూలు తూటానే పేల్చగా అది పోయి గుండులో నాటుకొని నిలిచిపోవును. తూటాయు గుండును ఏకమై, చాల తక్కువ వేగముతో, ముందుకు సాగును. ఒక్కసారి పేల్చగనే తొడుగు ఊడిపోవును. పిస్తోలు మరల మామూలు పిస్తోలే యగును.

వేగమెందుకు తగ్గును? పరుగెత్తి వచ్చిన పిల్లవాడు ఆగియున్న తోపుడుబండి పైకి దుమికినచో, వానితోబాటు బండియు కదలును. కాని వాని పరుగంతటి వేగముతో కాదు. ఉన్న ఊపు ఇప్పుడు ఇద్దరికి పంచబడినది. ఈ ఊపునే శాస్త్రజ్ఞులు ద్రవ్యవేగ మందురు. లెక్క కొరకు కొన్ని అంకెలు ఎంచుకొందము. తూటా 8 గ్రాములు, దాని వేగము సెకనుకు 360 మీటర్లు, గుండు 32 గ్రాములు అనుకొందము. రెండును కలిసి 40 గ్రాములు, అనగా అయిదు రెట్లు. కనుక వేగము అయిదవవంతుకు, 72 మీటర్లకు పడిపోవును. తూటా గతిశక్తి 518 జౌలులుకాగా, గుండుతో కలిసినపిదప మిగులునది 104 మాత్రమే. తక్కిన శక్తి గుండు లోహమును నలుగగొట్టుటలోను, వేడిమిగను ఖర్చగును. అంతియేకాక, 9 మిల్లీమీటర్ల తూటాకు బదులు 40 మిల్లీమీటర్ల గుండు తాకుటచే, దెబ్బ పడు వైశాల్యము స్థూలముగా ఇరువది రెట్లగును. కనుకనే తూటావలె లోనికి దూసికొనిపోక, అది మొద్దుదెబ్బగా తగులును.

ఈ సూత్రము నేటిది కాదు. ఇంగ్లండుకు చెందిన గణితజ్ఞుడు బెంజమిన్ రాబిన్స్ 1742లో ప్రకటించిన గ్రంథమున, వ్రేలాడదీసిన కొయ్యదిమ్మలో తూటాను నాటింపజేసి, దిమ్మ ఎంత ఊగినదో కొలిచి, తూటా వేగమును కనుగొను పద్ధతిని వివరించెను. తరువాత ఆయన ఈస్టిండియా కంపెనీ కొలువున మన తూర్పుతీరమునకు వచ్చి, 1751లో కడలూరు దగ్గరి సెయింట్ డేవిడ్ కోటలో కన్నుమూసెను. నాడు తూటా వేగమును కొలుచుటకు పనికివచ్చిన లెక్కయే నేడు దానిని తగ్గించుటకు పనికివచ్చినది.

అయితే 104 జౌలులనగా ఎంత? గంటకు 130 కిలోమీటర్ల వేగముతో వచ్చు క్రికెట్ బంతికి సుమారుగా అంతియే శక్తి ఉండును. ఆ బంతి తొడకు తగిలిన కమిలి మానును. తలకు తగిలినచో? 1998 ఫిబ్రవరిలో ఢాకాలో, బ్యాట్స్‌మన్‌కు దగ్గరగా శిరస్త్రాణము లేక నిలిచియున్న రామన్ లాంబా అను మన క్రికెటరు తలకు బంతి తగిలి, మూడు దినములకు మరణించెను. ఉత్తర ఐర్లండులో 1970 మొదలు వాడబడిన రబ్బరు, ప్లాస్టిక్ తూటాలవలన 17 మంది మరణించినారు. వారిలో పలువురు పిల్లలు. కనుకనే తెలిసినవారు ఇట్టి సాధనములను "ప్రాణహాని లేనివి" అనక "ప్రాణహాని తక్కువైనవి" అందురు. ఆ రెండు మాటల నడుమ భేదము చిన్నది కాదు.

ఇంతకంటె పెద్ద సందేహము మరియొకటి కలదు. ఒకే పిస్తోలు మొదటి దెబ్బకు నొప్పించును. రెండవ దెబ్బకు చంపును. భయము, చీకటి, కేకలు ముసరిన సమయమున వ్రేలు రెండుమారులు మీట నొక్కినచో ఏమగును? తొడుగు ఉన్నదనుకొని లేని తుపాకిని పేల్చినచో? ఇవి ఊహామాత్రములు కావు. 2021 ఏప్రిల్ 11న అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రమున పోలీసు అధికారిణి యొకరు, విద్యుత్తుతో స్తంభింపజేయు టేజర్ అనుకొని, పిస్తోలునే తీసి పేల్చగా 20 ఏండ్ల యువకుడు మరణించెను. వేర్వేరు ఆకారములు, రంగులు గల రెండు ఆయుధముల విషయముననే ఇట్టి పొరపాటు జరిగినప్పుడు, రెండు పనులును ఒకే ఆయుధమునకు అప్పగించుట ఎంతవరకు క్షేమమని శంకించువారి మాట త్రోసిపుచ్చదగినది కాదు. వేరొక అపాయమును గూడ వారు చెప్పుదురు. "చావడు గదా" అను ధైర్యముతో, మాటలతో పోవు తగవుకు గూడ పిస్తోలు ఒర నుండి బయటికి రావచ్చును.

1990లో హవానా నగరమున జరిగిన ఐక్యరాజ్యసమితి మహాసభ ఈ విషయమున అంగీకరించిన సూత్రములు రెండువైపులను గుర్తించినవి. ప్రాణాపాయము లేకుండ అదుపులోనికి తెచ్చు సాధనములను ప్రభుత్వములు సమకూర్చవలెననియు, సంబంధము లేనివారికి హాని కలుగకుండ వానిని జాగ్రత్తగా పరీక్షించి, వాడకమును అదుపులో నుంచవలెననియు అవి చెప్పుచున్నవి.

"కాళ్ళమీద కాల్చరాదా?" అని అడిగిన ఇల్లాలి మనసులోని కోరిక ఒక్కటే: పట్టుబడినవాడు ప్రాణముతో ఇల్లు చేరవలెను, పట్టుకొన్నవాడును చేరవలెను. నారింజరంగు తొడుగు ఆ కోరికను తీర్చు ప్రయత్నములలో ఒకటి. అది తూటా వేగమును అయిదవవంతుకు తగ్గించగలదు. కాని దానిని తగిలించు సమయము చిక్కవలెనన్న, ఎదుటివానికి దూరముగా నిలువవలెను, చాటు వెదకికొనవలెను, నెమ్మదిగా మాటలాడవలెను. ఆ సమయము చిక్కినచోట, తుపాకి తీయు అవసరమే పలుమార్లు తప్పిపోవును. అందుచేత క్రొత్త సాధన మేదైనను వచ్చినదని విన్నప్పుడు, అది ఎంత దూరము పోవునని గాక, దానిని పట్టుకొనువారికి ఎన్ని దినముల శిక్షణ యిచ్చినారని మనము మొదట అడుగవలెను.