మందున్నది, బిడ్డకు చేరుటే కష్టము

పాడేరు, అరకు, సీతంపేట, భద్రాచలం, ఉట్నూరు ప్రాంతాలలో పనిచేసే పాస్టర్లను, బైబిలు స్త్రీలను అడిగి చూడండి. ఎంత తిన్నా ఎదగని బిడ్డ, తరచుగా కళ్ళు పచ్చబడే బిడ్డ, చలికాలము వచ్చిందంటే కాళ్ళు చేతులు పీకుతున్నాయని రాత్రంతా ఏడ్చే బిడ్డ ఉన్న ఇల్లు ఒకటైనా వారికి తెలిసే ఉంటుంది. ఆ ఇంటివారు పచ్చకామెర్లు అనుకొని పసరు పోయించి ఉంటారు. చేతిమీద వాతలు పెట్టించి ఉంటారు. మలేరియా అని బిళ్ళలు మింగించి ఉంటారు. ఎవరో చేయించారని కోడిని కోసి ఉంటారు. విశ్వాసులైతే ప్రార్థన చేయించుకొని ఊరుకొని ఉంటారు. చేయించవలసిన రక్తపరీక్ష మాత్రం చేయించి ఉండరు. ఇలాంటి బిడ్డలలో కొందరికి ఉన్నది సికిల్ సెల్ వ్యాధి, అనగా కొడవలి కణాల వ్యాధి.

మన రక్తములోని ఎర్రకణాలు గుండ్రముగా, మెత్తగా ఉండి ఎంత సన్నని నాళములోనైనా జారిపోతాయి. ఈ వ్యాధి ఉన్నవారిలో అవి కొడవలిలా వంగి గట్టిపడి, సన్నని నాళాలలో ఇరుక్కుంటాయి. రక్తము ఆగినచోట భరించరాని నొప్పి పుడుతుంది. మామూలు ఎర్రకణము 120 దినాలు బ్రతికితే ఇది 10 నుండి 20 దినాలలోనే విరిగిపోతుంది. అందుకే బిడ్డ పాలిపోతుంది, విరిగిన కణాల వలన కళ్ళు పచ్చబడతాయి. ఆ పసుపు పసరుకు తగ్గేది కాదు. రక్తము తక్కువగా ఉందని ఇచ్చే ఇనుము బిళ్ళలు కూడా ఈ వ్యాధిని కుదర్చవు.

ఇది అంటువ్యాధి కాదు. తల్లి నుండి ఒకటి, తండ్రి నుండి ఒకటి, రెండు పాళ్ళూ కలిస్తేనే బిడ్డకు వ్యాధి వస్తుంది. ఒక్క పాలే ఉన్నవారు ఏ బాధా లేకుండా పొలము పని చేసుకుంటూ జీవిస్తారు, తమలో అది ఉన్నదని వారికే తెలియదు. అట్టి ఇద్దరు పెండ్లి చేసుకుంటే ప్రతి కాన్పులోను బిడ్డకు వ్యాధి రావడానికి నాలుగింట ఒక వంతు అవకాశమున్నది. కాగా, “ఈ కోడలు అడుగుపెట్టినప్పటి నుండి ఇల్లు ఇలా అయింది” అనే అత్తగారి మాట అన్యాయమైనది. అందులో కొడుకు పాలూ సరిసమానమే. పుట్టుగ్రుడ్డివానిని చూచి ఇది ఎవరి పాపమని శిష్యులు ప్రభువును అడిగారు. ఆయన ఆ ప్రశ్ననే త్రోసివేశాడు. యోహాను సువార్త తొమ్మిదవ అధ్యాయము చదివినవారమే మనము, అయినా మన వీధులలో ఆ ప్రశ్న ఇంకా ఆగలేదు.

మన దేశములో ఈ లక్షణమును మొదట 1952లో నీలగిరి కొండజాతులలో కనుగొన్నారు. తరువాత మధ్య భారతమంతటా, మన వైపు గోండులు, కోయలు, బగతలు, కొండదొరలు మొదలైనవారిలోను కనబడింది. మలేరియా ఎక్కువగా ఉన్న అడవులలోనే ఇది నిలిచిపోవడానికి కారణమున్నది. ఒక్క పాలు ఉన్నవారికి తీవ్రమైన మలేరియా నుండి కొంత రక్షణ దొరుకుతుంది. రెండు పాళ్ళూ ఉన్న బిడ్డకు మాత్రం అదే మలేరియా ప్రాణాంతకము. గిరిజనులకే పరిమితమనుకోరాదు, ఇతర కులాలలోను కనబడుతున్నది.

పుట్టిన ఆరు నెలల వరకు బిడ్డ బాగానే ఉంటుంది. ఆ తరువాత మొదటి గుర్తుగా చేతులు, పాదాలు వాచవచ్చును. అప్పటి నుండి అయిదేళ్ళ వరకు గండము. అయితే ఈ గండము దాటించే మార్గము తెలియనిది కాదు. అమెరికాలో 1986లో వెలువడిన పరిశోధనలో, చిన్నబిడ్డలకు దినమునకు రెండుసార్లు పెనిసిలిన్ ఇచ్చినప్పుడు న్యుమోకాకస్ అనే క్రిమి వలన వచ్చే తీవ్ర జబ్బులు 84 శాతము తగ్గాయి. ఆ క్రిమికి టీకా 2021 నుండి మన దేశమంతటా పసిబిడ్డలకు ఉచితముగా వేస్తున్నారు. జమైకా ద్వీపములో వైద్యులు తల్లులకు ఒక చిన్న పని నేర్పారు. ఎడమ ప్రక్కటెముకల క్రింద చేయి పెట్టి ప్లీహము, అనగా బల్ల, పెరిగిందేమో తడిమి చూడడము. బల్ల ఒక్కసారిగా ఉబ్బి రక్తమంతా అందులో చేరితే బిడ్డ కొన్ని గంటలలోనే పోవచ్చును. తల్లులు ముందుగా గుర్తించి తీసికొనిరావడముతో అక్కడ ఆ మరణాలు బాగా తగ్గాయి. చదువురాని తల్లి కూడా నేర్చుకోగల పని ఇది.

హైడ్రాక్సీయూరియా అనే మందు నొప్పి దాడులను తగ్గిస్తుందని 1995లో పెద్దలలో రుజువైంది. అంగోలా, కాంగో, కెన్యా, ఉగాండా దేశాల బిడ్డలకు ఇచ్చి చూచి, నొప్పులే కాదు, మలేరియా, మరణాలు కూడా తగ్గాయని 2019లో ప్రకటించారు. మన కొండలవంటి చోట్లే అవి.

మరి అడ్డేమిటి? మొదటిది దారి. రోడ్లు పడుతున్నాయి గాని, కొండమీది గూడేల నుండి రోగిని డోలీ కట్టి మోసుకొనిరావడము ఇంకా పూర్తిగా ఆగలేదు. పక్షవాయువు గలవానిని నలుగురు మోసికొనివచ్చి కప్పు విప్పిన సంగతి మనకు పండుగ ప్రసంగము, వారికి ప్రతి వానకాలపు పని. ఆస్పత్రికి వెళ్ళిన దినము కూలి పోతుంది, ఇంటి దగ్గర మిగతా పిల్లలను చూచేవారు ఉండరు.

రెండవది పరీక్ష. చుక్క రక్తముతో అక్కడికక్కడే చేసే పరీక్షలలో కొన్ని అనుమానము మాత్రమే చెబుతాయి, ఆరు నెలలలోపు బిడ్డలకు అట్టివాటిని నమ్మరాదు. వ్యాధి నిశ్చయము కావాలంటే రక్తము పట్టణములోని యంత్రము దగ్గరకు పోవాలి, ఫలితము తిరిగి గూడెమునకు రావాలి. పోయినంత సులువుగా అది తిరిగిరాదు. 2023 జూలై 1న మధ్యప్రదేశ్‌లోని షాడోల్‌లో ప్రధానమంత్రి ఆరంభించిన జాతీయ కార్యక్రమము 40 ఏళ్ళలోపు వారు 7 కోట్లమందికి పరీక్షలు చేసి కార్డులివ్వాలని తలపెట్టింది, 2047 నాటికి వ్యాధిని నిర్మూలించాలన్నది గురి. మంచి పని. అయితే కార్డు చేతికిచ్చినంత మాత్రాన బిడ్డకు మందు అందినట్లు కాదు.

మందు సంగతి చూడండి. హైడ్రాక్సీయూరియా మామూలుగా 500 మిల్లీగ్రాముల గొట్టము బిళ్ళగా వస్తుంది. రెండేళ్ళ బిడ్డకు దానిని ఎలా కొలిచి ఇవ్వాలి? పిల్లలకు తగిన ద్రవరూపపు మందును 2024లో మన దేశపు కంపెనీ ఒకటి తయారుచేసింది. అది మారుమూల ఆరోగ్యకేంద్రము అలమారలో ఎప్పుడూ ఉండాలి కదా. పైగా ఈ మందు వాడేవారికి మధ్యమధ్య రక్తపరీక్షలు తప్పవు. ఇది కొన్ని కాన్సరు రోగాలకు కూడా వాడే మందు గనుక, షాపువాడు ఆ మాట అనగానే తల్లి హడలిపోయి మానివేస్తుంది. ఈ సందేహము ఒక్కటి ఓపికగా తీర్చగలిగితే ఎంతోమంది బిడ్డలు మందు కొనసాగిస్తారు.

ఇంకొక అడ్డు, నొప్పిని నమ్మకపోవడము. పైకి గాయముండదు, వాపు కూడా లేకపోవచ్చును. నిన్న ఆడుకున్న బిడ్డ నేడు మెలికలు తిరుగుతుంటే ఆస్పత్రి వరండాలో సిబ్బంది “నటిస్తున్నాడు” అంటారు. ఆశ్రమ పాఠశాలలో ఇంకా కష్టము. ఈ వ్యాధిలో మూత్రపిండాలు నీటిని పట్టి ఉంచలేవు. బిడ్డ ఎక్కువ నీళ్ళు త్రాగాలి, మాటిమాటికి బయటికి వెళ్ళాలి, రాత్రులు పక్క తడపవచ్చును. దానికి దెబ్బలు తినే పిల్లలున్నారు. తెల్లవారుజామున చన్నీళ్ళ స్నానము మన్యపు చలిలో వారికి నొప్పి దాడిని తెచ్చిపెట్టగలదు.

నా మట్టుకు దారి దూరము కంటె దాపరికము పెద్ద అడ్డు అనిపిస్తుంది. ఆడపిల్లకు జబ్బని తెలిస్తే సంబంధాలు రావని కార్డును పెట్టె అడుగున దాస్తారు. చెల్లెలికి పెండ్లి కాదని అన్నను ఆస్పత్రికి తీసికొనిపోరు. మేనరికాలు చేసుకునే మన ఇళ్ళలో ఈ దాపరికము మరుసటి తరమును కూడా ముంచుతుంది. సంఘములో వివాహ ప్రకటన చదువుటకు ముందే ఇరువైపులవారు పరీక్ష చేయించుకొని, ఫలితము తెలిసి నిర్ణయించుకుంటే మంచిది. ఆ ఫలితము పాస్టరుగారి నోటనుండి మూడవ మనిషికి పోరాదు.

ప్రియ చదువరులారా, మన ఆచారాలను గూర్చి కూడా ఒక మాట. ఈ వ్యాధి ఉన్నవారికి ఒంట్లో నీరు తగ్గితే ప్రమాదము. నీళ్ళు కూడా ముట్టని ఉపవాస ప్రార్థనకు వారిని బలవంతపెట్టకండి. డిసెంబరులో వాగునీటిలో బాప్తిస్మము ఇవ్వడానికి బదులు ఎండకాలము వరకు ఆగవచ్చును, లేదా గోరువెచ్చని నీటితో తొట్టి నింపవచ్చును. ప్రార్థన తరువాత బిడ్డ వారము దినాలు హాయిగా ఉంటే దేవునికి స్తోత్రము చెల్లించండి, మందు మాత్రం ఆపవద్దు. ఈ వ్యాధిలో హాయిగా ఉండే దినాలు మామూలుగానే వస్తాయి, మందు మానిన సంగతి తరువాతి జ్వరములో బయటపడుతుంది.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టములో ఈ వ్యాధి చేరింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2020లో వీరికి నెలకు 10,000 రూపాయల పింఛను ఏర్పాటు చేసింది. ఇవి పొందడానికి ధ్రువపత్రాలు, ఆధార్, ఆస్పత్రి చీట్లు పట్టుకొని ఆఫీసుల చుట్టూ తిరగాలి. చదువు వచ్చిన యౌవనస్థుడొకడు వెంట వెళితే సగము పని అయినట్లే. రక్తము ఎక్కించవలసి వచ్చినప్పుడు ఇచ్చేవారి పేర్లు, రక్తపు గ్రూపులు ముందే వ్రాసి ఉంచుకోవడము కూడా వారి వలన కాగల పనే. ఎముకమూలుగు మార్పిడితో వ్యాధి నయము కావచ్చును, రాయవేలూరు వంటి చోట్ల ఆ వైద్యమున్నది. అయితే సరిపోయే తోబుట్టువు, చాలా ధనము కావాలి గనుక అది కొద్దిమందికే.

తల్లిదండ్రులు జ్ఞాపకముంచుకొనవలసినవి ఇవి. జ్వరము 101 డిగ్రీలు దాటినా, ఉన్నట్టుండి పాలిపోయినా, కడుపు ఎడమ ప్రక్క ఉబ్బినా, ఊపిరి ఆడకపోయినా, మూతి వంకరపోయినా, చేయి పడిపోయినా తెల్లవారేవరకు ఆగవద్దు. 108కి ఫోను చేయండి, బండి రాలేని చోట డోలీ కట్టండి. కార్డు వెంట తీసికొని వెళ్ళి, ఇది సికిల్ సెల్ బిడ్డ అని డాక్టరుగారికి మొదటి మాటగా చెప్పండి.