పందుంపుల్ల, పేస్టు, బోరునీళ్లు

నల్గొండ జిల్లా మర్రిగూడ వైపు పల్లెల్లో పెద్దవాళ్లు నవ్వితే ముందుపళ్ల మీద గోధుమరంగు చారలు కనిపిస్తాయి. అది తోముకోక పట్టిన పాచి కాదు, బోరునీళ్లలోని ఫ్లోరైడ్ గీసిన గీత. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన నీళ్లు చిన్నతనంలో ఏళ్ల తరబడి తాగితే, పంటి పింగాణి ఏర్పడేటప్పుడే దెబ్బతింటుంది. ఎంత రుద్దినా ఆ మచ్చ పోదు.

వేపపుల్లను నమిలి కుంచెలా చేసుకుని తోమేవాళ్లు ఇంకా ఉన్నారు. మంచిదే. కచ్చిక బూడిద, బొగ్గుపొడి మాత్రం పంటిని అరగదీస్తాయి. గుట్కా సంగతి చెప్పనే అక్కర్లేదు.

హైదరాబాద్ పిల్లలకు పేస్టుకేం కొదవ? కానీ గంటకో బిస్కెట్, చాక్లెట్. నోట్లోని సూక్ష్మజీవులు ఆ చక్కెరను ఆమ్లంగా మారుస్తుంటే, కడిగేయడానికి లాలాజలానికి తీరికే దొరకదు.

పట్నంలో వీధికో పళ్ల డాక్టరు. పల్లెలో పన్ను సలిపితే లవంగం బుగ్గన పెట్టుకుని, ఆ రోజు కూలి వదులుకుని బస్సెక్కాలి. అందుకే చాలామంది పీకించుకునేదాకా ఆగుతారు.