అమ్మరాని వైను కోసం అమ్ముడయ్యే ద్రాక్ష

సరుకు ఉన్నది. నాణ్యత ఉన్నది. రుచి చూడడానికి జనం బారులు తీరి ఉన్నారు. ధర మాత్రం లేదు. అమెరికాలో ఇటాలియన్ సంతతివారు ఏటా జరుపుకునే ఇంటి వైను మేళాల తీరు ఇది. బల్లలమీద వరుసగా నిలిపిన ప్రతి సీసా ఎవరో ఒకరి ఇంటి నేలమాళిగలో తయారైనదే. అందులో ఒక్కదానిని వెల కట్టి అమ్మినా చట్టవిరుద్ధం. అయినా ఈ ధరలేని సరుకే ఒకప్పుడు కాలిఫోర్నియా ద్రాక్షతోటల జాతకాన్ని మార్చివేసింది.

1880 - 1920 మధ్య నలభై లక్షలకు పైగా ఇటాలియన్లు అమెరికాకు వలస వచ్చారు. గనులలోను, రైలు మార్గాలమీద, మిల్లులలోను కూలికి కుదిరారు. భోజనంతోపాటు గ్లాసెడు వైను వారికి మనకు మజ్జిగ వంటిది. కొనడం కంటె ఇంట్లో చేసుకోవడం చౌక. ఆ అలవాటును పిల్లలు, మనుమలు నిలుపుకున్నారు. 1905లో న్యూయార్క్‌లో పుట్టిన సన్స్ ఆఫ్ ఇటలీ వంటి సంఘాల స్థానిక శాఖలు, ఊరి క్లబ్బులు ఈ మేళాలకు పూనుకుంటాయి. పోటీకి వచ్చిన సీసాలకు పేర్లు తీసివేసి అంకెలు వేస్తారు. రంగు, తేట, వాసన, రుచి చూసి న్యాయనిర్ణేతలు మార్కులు వేస్తారు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు డేవిస్ కేంద్రంలో రూపొందిన 20 మార్కుల పద్ధతి ఇందుకు బాగా వాడుకలో ఉన్నది.

నిబంధన ఏమంటున్నది?

ఇద్దరు లేక అంతకు మించి పెద్దలున్న ఇంటికి ఏడాదికి 200 గ్యాలన్లు, ఒక్కరే ఉంటే 100 గ్యాలన్లు వైను పన్ను లేకుండా తయారుచేసుకోవచ్చునని అమెరికా కేంద్ర నిబంధన. గ్యాలన్ అంటే సుమారు 3.8 లీటర్లు. పోటీలకు, రుచి చూసే సభలకు దానిని ఇంటినుంచి తీసుకుపోవచ్చునని కూడా అందులోనే ఉన్నది. అమ్మకం మాత్రం ఏ పరిస్థితిలోనూ కూడదు. పైగా రాష్ట్రాల చట్టాలు వేరే ఉంటాయి. 2010లో ఆరెగాన్ రాష్ట్రంలో అక్కడి చట్టాన్ని అధికారులు కొత్తగా అన్వయించడంతో రాష్ట్ర మేళాలో ఇంటి వైను, బీరు పోటీలు ఆగిపోయాయి. మరుసటి ఏడు శాసనసభ చట్టాన్ని సవరించిన తరువాతనే వాటికి దారి దొరికింది.

వైనుకు బేరం లేకపోయినా దాని ముడిసరుకుకు బేరం ఉన్నది. ఇంటి తయారీదారులకు వచ్చే ద్రాక్ష పెట్టె బరువు నేడు సాధారణంగా 36 పౌన్లు, అనగా 16 కిలోల పైచిలుకు. ఒక పెట్టెకు రెండు నుంచి రెండున్నర గ్యాలన్ల వైను దిగుతుంది. గ్యాలనుకు అయిదు సీసాలు. ఈ లెక్కన చట్టం అనుమతించిన 200 గ్యాలన్లూ చేయదలచిన కుటుంబం తొంబై పెట్టెల వరకు, అంటే దాదాపు ఒకటిన్నర టన్నుల ద్రాక్ష కొనాలి. అంత చేసేవారు అరుదు. కాని పది, ఇరవై పెట్టెలు కొనే ఇళ్లు ఊరూరా ఉంటే టోకు వర్తకునికి అదే పెద్ద ఖాతా.

వాగన్లకు వాగన్లు

ఈ వ్యాపారానికి ఊపు వచ్చింది మద్యనిషేధం రోజులలో కావడం విశేషం. 1920 జనవరిలో నిషేధం అమలులోకి వచ్చింది. వైనరీలు మూతపడతాయని, ద్రాక్షను అడిగే నాథుడు ఉండడని భయపడి కొందరు రైతులు తోటలు పీకివేశారు. జరిగింది వేరు. ఇంటి వాడకానికి పళ్లరసం తయారుచేసుకోవచ్చునని వోల్‌స్టెడ్ చట్టంలోని 29వ సెక్షన్ వెసులుబాటు ఇచ్చింది. పీపాలో పోసిన రసం ఆ తరువాత ఏమవుతుందో చట్టం చేసినవారికి తెలియనిది కాదు. తూర్పు తీరంనుంచి గిరాకీ ఒక్కసారిగా విరుచుకుపడింది. మంచు వాగన్లలో ద్రాక్ష దేశం ఈ కొసనుంచి ఆ కొసకు నడిచింది. షికాగో, న్యూజెర్సీ రైలు యార్డులలో వేలంపాటలు సాగాయి. ధరలు మునుపెన్నడూ లేనంతగా పెరిగాయి. పీకినవారు మళ్లీ నాటారు, పీకనివారు తోటలు పెంచారు. కాలిఫోర్నియా ద్రాక్ష విస్తీర్ణం కొద్ది ఏళ్లలో ఇంచుమించు రెండింతలయింది.

అందరూ నాటిన పంటకు పట్టే గతి దీనికీ పట్టింది. 1925 నాటికి మార్కెట్ కూలిపోయింది. కొనేవారు లేక యార్డులలో నిలిచిన వాగన్లలోనే సరుకు చెడింది.

ఈ వర్తకంలోనే తరువాతి కాలపు పెద్ద పేర్లు పైకి వచ్చాయి. ఇటలీనుంచి వచ్చి మినెసోటా ఇనుపగనుల ప్రాంతంలో స్థిరపడిన చెజారే మొందావి, తోటి ఇటాలియన్ల తరఫున ద్రాక్ష కొనడానికి కాలిఫోర్నియా వెళ్లాడు. లోడై పట్టణంలో మకాం పెట్టి పెట్టెలు పంపడమే వృత్తిగా చేసుకున్నాడు. 1943లో ఆ కుటుంబం చార్లెస్ క్రుగ్ వైనరీని కొన్నది. కుమారుడు రాబర్ట్ 1966లో తన పేరిట వేరే వైనరీ పెట్టాడు. 1933లో సోదరునితో కలిసి వైనరీ స్థాపించిన ఎర్నెస్ట్ గాలో కూడా అంతకు ముందు షికాగో యార్డులో ద్రాక్ష అమ్మినవాడే.

తొక్క మందం, రంగు చిక్కన

యార్డులో కొనేవారి చూపే పొలంలో ఏ రకం నాటాలో నిర్ణయించింది. మేలిరకం ద్రాక్ష చాలావాటికి తొక్క పలుచన, గింజ చిన్న. వారాల ప్రయాణానికి అవి ఆగవు. ఫ్రాన్సులో 1866లో సంకరం చేసిన అలికాంటే బూషే అనే రకానికి తొక్క మందం. దాని గుజ్జు కూడా ఎర్రనే. ఒకసారి పిండిన పిప్పికి నీళ్లు, పంచదార కలిపి రెండో విడత తీసినా రంగు వస్తుంది. అందుచేత అది యార్డులో రాజయింది. రైతులు మేలిరకాలు తీసివేసి దీనిని వేశారు. 1933 డిసెంబరులో నిషేధం ఎత్తివేసేసరికి మంచి వైనుకు తగిన ద్రాక్ష కరువై వైనరీలు ఇబ్బందిపడ్డాయి.

అదే గిరాకీ మరొకందుకు మేలు చేసింది. జిన్‌ఫాండెల్ కూడా ఇంటి తయారీదారులు కోరి అడిగిన రకం. వారు కొన్నారు కనుకనే లోడై, సొనోమా ప్రాంతాలలో ఆ రకం పాతతీగలు నిషేధకాలంలో బ్రతికి బట్టకట్టాయి. నేడు ఆ వయసు మళ్లిన తీగల ద్రాక్షకు ప్రత్యేక గౌరవం ఉన్నది. ఇటలీలోని ప్రిమిటీవో, ఈ జిన్‌ఫాండెల్ ఒకటేనని జన్యు పరీక్షలలో తేలడం మరో విశేషం. తాత ఊరిలో తాగిన రకాన్నే మనుమడు తెలియక కాలిఫోర్నియా పెట్టెలో కొన్నాడన్నమాట.

ఇప్పటి పరిస్థితి

రైలు వాగన్లు పోయి శీతల లారీలు వచ్చాయి. సెప్టెంబరు, అక్టోబరు మాసాలు ముఖ్యమైన సీజను. మార్చి, ఏప్రిల్‌లలో కోసిన చిలీ ద్రాక్ష ఓడలమీద తూర్పు రేవులకు చేరడంతో వసంతంలో రెండో సీజను కూడా ఏర్పడింది. చితగ్గొట్టే ఓపిక లేనివారికి బకెట్లలో రసమే దొరుకుతున్నది. పాతవారు గింజ నమిలి తీపి అంచనా కట్టేవారు. కొత్తవారు చేతిలో ఇమిడే సాధనంతో బ్రిక్స్ చూసి పెట్టెలు ఏరుకుంటున్నారు.

అయితే కాలిఫోర్నియా రైతుకు రోజులు బాగాలేవు. వైను వాడకం తగ్గి, సరుకు నిలవపడి చాలామంది తోటలు పీకివేస్తున్నారు. 2024లో గానుగకెక్కిన వైను ద్రాక్ష సుమారు 28 లక్షల అమెరికన్ టన్నులు మాత్రమే. అప్పటికి రెండు దశాబ్దాలలో అంత తక్కువ ఎన్నడూ లేదు. కొనేవారు లేక కొన్ని తోటలలో కాయలు తీగలమీదనే ఎండిపోయాయి. మొత్తం పంటలో ఇంటి తయారీదారుల వాటా నేడు స్వల్పం. వారి కొనుగోళ్లతో మార్కెట్ కోలుకోదు. కాని వైనరీ పక్కన పెట్టిన పాతతీగల సరుకుకు పెట్టెల లెక్కన కొనే ఖాతాదారు కొందరు రైతులకు ఇంకా ఆసరా.

ఆ ఖాతాదారు తరువాత ఎవరన్నదే ప్రశ్న. తాత పీపాలు కడగడం నేర్చుకున్న మనుమడు పది పెట్టెలు కొంటాడు. నేర్చుకోనివాడు నేలమాళిగ ఖాళీచేసి పీపాలలో పూలమొక్కలు వేస్తాడు. మేళాలో కుర్రవాడొకడు పక్కబల్ల పెద్దమనిషి వైను చప్పరించి, ఇది ఏ ద్రాక్ష, ఎక్కడ కొన్నారని అడిగాడంటే సెప్టెంబరులో ఒక ఆర్డరు పెరిగినట్టే. వర్తకులు మేళాకు వచ్చి చెవి ఒగ్గి వినవలసింది ఆ ప్రశ్న కోసమే.